టెర్రస్ మీద సోలార్: పై ఫ్లాట్ ఆయన వద్దంటే?

ప్రశ్న: మాది నల్లగొండలో పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. లిఫ్టు, బోరు మోటారు, మెట్ల లైట్ల బిల్లు తగ్గుతుందని టెర్రస్ మీద సోలార్ పెట్టిద్దామనుకున్నాం. పై అంతస్తు ఆయన ‘టెర్రస్ నాకు బిల్డర్ రాసిచ్చాడు’ అని తలుపుకు తాళం వేశాడు. మేమేం చేయాలి?

జవాబు: ముందు ఆ ‘రాసిచ్చిన’ కాగితం చూడండి. తెల్ల కాగితం మీద బిల్డర్ సంతకమే అయితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. దస్తావేజు ఉందంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీయించండి. దాంతోపాటు మీ అందరి దస్తావేజుల్లో షెడ్యూలు పేజీ (ఆస్తి వివరాలుండేది) చదవండి. స్థలంలో అవిభక్త (విడదీయని) వాటా, ఉమ్మడి వసతుల్లో హక్కు అందరికీ రాసిచ్చాక, టెర్రస్‌ను విడిగా అమ్ముకునే హక్కు మామూలుగా బిల్డర్‌కు మిగలదు. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం పైకప్పును, 2016 రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం టెర్రస్‌ను ఉమ్మడి ప్రదేశాల్లోనే చేర్చాయి. రేరా నిర్వచనంలో సోలార్ లాంటి పునరుత్పాదక ఇంధన ఏర్పాట్లు కూడా ఉన్నాయి. అయితే ‘టెర్రస్ ఫలానా ఫ్లాటుకే’ అని మీ దస్తావేజుల్లోనే ఒప్పుకుని ఉంటే కేసు అంత తేలిక కాదు. ఆ పేజీ చూడకుండా నోటీసు పంపొద్దు.

ఉమ్మడి అన్నాక మీరొక్కరే మీ ఫ్లాటు కోసం ప్యానెళ్లు బిగించుకోవడమూ కుదరదు. అసోసియేషన్‌కు రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు ఆ పని చూడండి. తర్వాత బైలాస్ (అసోసియేషన్ నియమాలు) ప్రకారం మీటింగ్ పెట్టి తీర్మానం మినిట్స్ బుక్కులో రాసి, కామన్ మీటర్ పేరుతో దరఖాస్తు చేయండి. ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. 10 కిలోవాట్లకు నీడ పడని చోటు దాదాపు వెయ్యి చదరపు అడుగులు కావాలి, రోజుకు సగటున 40 యూనిట్ల దాకా వస్తాయి. 2024లో నిబంధనలు సవరించాక 10 కిలోవాట్ల వరకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సాంకేతిక పరిశీలన అవసరం లేదు.

పై ఫ్లాట్ ఆయన భయం కూడా ఉత్తదేం కాదు. శ్లాబుకు డ్రిల్లింగ్ చేస్తే వానాకాలంలో కారేది ఆయన బెడ్‌రూంలోనే. కాబట్టి స్టాండ్లను సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టాలని, లీకేజీ వస్తే ఖర్చు అసోసియేషన్‌దేనని తీర్మానంలోనే రాయండి. వాటర్ ట్యాంకు దగ్గరికి దారి, బట్టలు ఆరేసుకునే చోటు వదలండి. తాళం తీయమని అసోసియేషన్ తరఫున రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ తీయకపోతే లాయర్ నోటీసు, ఆపైన సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (అడ్డుపడొద్దనే కోర్టు ఉత్తర్వు) దావా. తాళం మాత్రం మీరు పగలగొట్టొద్దు, అప్పుడు పోలీసు స్టేషన్ మెట్లెక్కాల్సింది మీరే.