31 వారాలకే బీపీ పెరిగి ఆపరేషన్ అంటున్నారు, బిడ్డ బాగుంటుందా?

బాగుండే అవకాశమే ఎక్కువ అన్నా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది రాస్తాను.

మీ ఆవిడకు 31 వారాలు, బీపీ 170/110, మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్‌లు. చిత్తూరు నుంచి తిరుపతికి తెచ్చి చేర్పించారు, ఇవాళో రేపో బిడ్డను తీయాలంటున్నారు. దక్కుతుందా, దక్కినా చూపు, తెలివి సరిగ్గా ఉంటాయా అని అడిగారు. నేను డాక్టర్‌ను కాను. ఇదే జబ్బుతో (గర్భంలో బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా) నాకు తిరుపతిలోనే 30 వారాలు దాటీ దాటగానే ఆపరేషన్ చేశారు. పాప కిలో నూట యాభై గ్రాములు. ఇప్పుడు పుత్తూరులో రెండో తరగతి చదువుతోంది, కళ్లద్దాలు పెట్టుకుంటుంది, వాళ్ల నాయనతో నాకంటే గట్టిగా వాదిస్తుంది.

ఇంత తొందరగా ఎందుకు తీయాలి, మందులతో ఆపలేరా అని మీ ఇంట్లో అడుగుతున్నారన్నారు. మా ఇంట్లోనూ అడిగారు. ఈ జబ్బు మాయలో (ప్లాసెంటాలో) మొదలవుతుంది. లాబెటలాల్ లాంటి మాత్రలు బీపీని అదుపులో పెడతాయి, మెగ్నీషియం ఇంజెక్షన్ ఫిట్స్ రాకుండా కాపాడుతుంది, అంతే. మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేది ఆ ఫిట్స్‌నే. మాయ బయటికొస్తేగానీ జబ్బు తగ్గదు. తల్లీబిడ్డా నిలకడగా ఉంటే 34 వారాల దాకా లాగడానికి చూస్తారు. లివర్, కిడ్నీ, ప్లేట్‌లెట్లు దెబ్బతింటుంటే ఆగరు. నాకు కుడి డొక్క పైన నొప్పి వస్తే మా దగ్గరి క్లినిక్‌లో గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు. రెండో రోజుకు ప్లేట్‌లెట్లు పడిపోయాయి, లివర్ రిపోర్టు పాడైంది. దాన్ని హెల్ప్ సిండ్రోమ్ అంటారట. మీ ఆవిడకు ఆ నొప్పిగానీ, విడవని తలనొప్పిగానీ, కళ్లు మసకబారడంగానీ ఉంటే రౌండ్స్ దాకా ఆగకుండా అప్పుడే సిస్టర్‌కు చెప్పండి. ఇంకో మాట. ఉప్పు జాస్తి తిన్నదనో, పని చేయలేదనో ఎవరన్నా ఆమెను అంటే అక్కడే నోరు మూయించండి. అవేవీ దీనికి కారణాలు కావు.

ఇక బిడ్డ సంగతి. అందరూ బీపీ అంకె పట్టుకుని కూర్చుంటారు గానీ, బిడ్డ ఎలా ఉంటుందనేది ఎక్కువగా ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువుతో పుట్టింది అనేదాన్ని బట్టే ఉంటుంది. మాయ నుంచి రక్తం సరిగ్గా అందదు కాబట్టి ఈ పిల్లల్లో చాలామంది వారాలకు తగ్గ బరువు ఉండరు, మా పాపా అంతే. డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసారం ఎలా ఉందో, బరువు ఎంత అంచనా వేశారో అడగండి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి వేసే ఇంజెక్షన్లు పూర్తయ్యాయా అని తప్పకుండా అడగండి. డెక్సామెథసోన్ అయితే 12 గంటలకొకటి చొప్పున నాలుగు, బీటామెథసోన్ అయితే 24 గంటల తేడాతో రెండు. అవి పడి ఒక రోజు గడిచాక పుడితే బిడ్డకు ఊపిరి కష్టం బాగా తగ్గుతుంది. 32 వారాల లోపు పుట్టే బిడ్డకైతే తల్లికిచ్చే మెగ్నీషియం మెదడుకు కూడా కొంత రక్షణ. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మా పెద్దత్త ఆసుపత్రి వరండాలో అందరికీ చెప్పింది. అది వట్టి మాట. కడుపులో క్షేమంగా గడిచిన ఒక్కో వారం బిడ్డకు మేలే. బిడ్డ కడుపులో ఉండగానే మీరు పెద్దాసుపత్రికి చేర్చడం చాలా మంచి పని. పుట్టాక అంబులెన్స్‌లో 70 కిలోమీటర్లు తేవడంకంటే ఇది ఎంతో నయం.

పుట్టగానే ఏడవకపోయినా, మీకు చూపించకుండా లోపలికి తీసుకెళ్లినా హడలిపోకండి. మా పాపకు ముక్కులో సీప్యాప్ గొట్టం (ఒత్తిడితో గాలి పంపేది) పెట్టారు, ఊపిరితిత్తులు ముడుచుకోకుండా వాటిలోకి సర్ఫాక్టెంట్ మందు వేశారు. నాకిచ్చిన మెగ్నీషియం వల్ల మొదట్లో మగతగా ఉండింది. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కూడా తక్కువ. తల్లి బీపీ వల్ల పిల్లల్లో ఇలా ఉంటుందనీ, చాలావరకు వాటంతటవే పెరుగుతాయనీ చెప్పారు, అలాగే పెరిగాయి. తర్వాత కామెర్లని నీలం లైట్ కింద పెట్టారు. నిద్రలో ఊపిరి తీయడం మరిచిపోతే మానిటర్ మోగేది, సిస్టర్ వచ్చి అరికాలు మీద చిటికె వేసేది, మళ్లీ తీసుకునేది. దానికి కెఫీన్ మందు ఇస్తారు. మొదటి వారంలో బరువు తగ్గుతుంది, అది మామూలే. నాకు భయం వేసింది ఇన్ఫెక్షన్‌కే. నిన్న బాగుందన్న డాక్టరే ఇవాళ అనుమానంగా ఉంది, కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) పంపాం అంటారు. పక్క వార్మర్‌లో (వెచ్చగా ఉంచే పడకలో) ఉన్న బిడ్డ అలాగే దక్కలేదు. అందుకే చేతులు కడగమని పదిసార్లు చెప్పినా విసుక్కోకండి, చుట్టాలను లోపలికి పంపమని సెక్యూరిటీతో గొడవ పడకండి.

పాల గురించి కాస్త ఎక్కువ రాస్తా, మన చేతిలో ఉండేది అదొక్కటే కాబట్టి. 34 వారాలు రాకముందు పిల్లలకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం రాదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి పాలు పోస్తారు. మొదట రెండు మిల్లీలీటర్లు. పిస్టన్ తీసేసిన సిరంజి గొట్టానికి తగిలించి సిస్టర్ పైకెత్తి పట్టుకుంటే, ఆ రెండు మిల్లీలీటర్లు మెల్లగా జారేదాకా నేను కదలకుండా చూసేదాన్ని. తల్లి ఐసీయూలో ఉన్నా సరే, వీలైనంత త్వరగా పాలు పిండించండి. మొదట చుక్కలే వస్తాయి, పసుప్పచ్చగా. పారబోయకండి, ఈ పిల్లల పేగులకు తల్లిపాలే మందు. రాత్రిపూట కూడా మూడు గంటలకొకసారి పిండితేనే పాలు నిలుస్తాయి. పిండిన గిన్నె పట్టుకుని పరిగెత్తే పని మీది.

డాక్టర్లు ఒప్పుకోగానే కంగారూ కేర్ మొదలుపెట్టండి. బిడ్డను డైపర్, టోపీ మాత్రమే ఉంచి తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకోవడమే. పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మరణాలు పావు వంతు తగ్గాయని మన దేశంతో పాటు ఆఫ్రికా దేశాల్లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనం 2021లో తేల్చింది. తండ్రి కూడా చేయొచ్చు. నేను లేవలేని స్థితిలో ఉంటే మా ఆయన చొక్కా గుండీలు విప్పుకుని కూర్చునేవాడు. మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత నాకిమ్మంటే ఇచ్చేవాడు కాదు.

చూపు అడిగారు కదా. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజుల్లోపు రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష చేయించాలి. నెలలు నిండని పిల్లల్లో ఆ పొర రక్తనాళాలు సరిగ్గా పెరగకపోవడాన్ని ఆర్ఓపీ అంటారు, దాని కోసమే ఈ పరీక్ష. డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన సంబరంలో చాలామంది మరిచిపోయేది ఇదే. సమయానికి లేజర్ చేస్తే చూపు నిలుస్తుంది, ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. చెవుల పరీక్ష, తలకు స్కాన్ కూడా అయ్యాయో లేదో చూసుకోండి.

ఎదుగుదలను రెండేళ్ల దాకా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే. మా పాప ఏడాది నిండినా నడవలేదని ఊరంతా టెన్షన్ పెట్టింది. ఆ లెక్కన చూస్తే సమయానికే నడిచింది. కొందరు పిల్లలకు ఫిజియోథెరపీ అవసరమవుతుంది, మాటలు ఆలస్యమవుతాయి, అందుకే చెకప్‌లు మానొద్దు. కొండకు పుట్టువెంట్రుకల మొక్కు ఉంటే ఉండనీండి, కొన్ని నెలలు ఆ జనంలోకి బిడ్డను తీసుకెళ్లొద్దు. స్వామి ఏమీ అనుకోడు.

అందరూ బిడ్డ చుట్టూ తిరుగుతుంటే తల్లిని మరిచిపోతారు. కాన్పు తర్వాత మూడు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ ఎగబాకవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. మాత్రలు డాక్టర్ చెప్పేదాకా ఆపొద్దు. మళ్లీ గర్భం వస్తే మొదటి చెకప్‌లోనే ఈ సంగతి చెప్పాలి, 12 వారాల నుంచి చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు.

ఇంజెక్షన్లు ఎన్ని పడ్డాయో, ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయో కనుక్కుని ఇక్కడ రాయండి. రాత్రి పడుకునేలోపు చూస్తాను.