కోడ్‌షేర్ కాగితం మీద సంతకం పెట్టేముందు

అంబాజీపేట

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. నిన్ను యూనియన్ చర్చల కమిటీలోకి ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్ల ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని నమ్మి అంతమంది తమ బతుకు చేతిలో పెట్టారంటే నా ఛాతీ పొంగిపోయింది. ఆ వెంటనే ఇంకో మాట అంది. ఈ మాంద్యంలో మీ సంస్థ అడిగిన జీతాల కోత సగానికి తగ్గిస్తే, కోడ్‌షేర్ (ఒక సంస్థ నడిపే విమానానికి ఇంకో సంస్థ తన పేరుతో టికెట్లు అమ్మడం) మీద పట్టుబట్టకుండా వదిలేద్దామని మీవాళ్లు అనుకుంటున్నారట. అది విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే గాలికిపోతుందని రాస్తున్నాను. దీన్ని పక్కన పెట్టుకుని ఒప్పందం చదువు.

నీకు తెలిసినవి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. చర్చకి ఒక్కదానివే వెళ్లకు, ప్రతి సమావేశానికీ మినిట్స్ రాయించి రెండువైపులా సంతకాలు పెట్టించు, అనుబంధాలు చదవకుండా దేనిమీదా సంతకం చెయ్యకు.

జీతం విషయంలో ఎంత కోస్తున్నారన్నదే కాదు, ఎక్కడ కోస్తున్నారన్నదీ చూడాలి. 2020లో ఎయిర్ ఇండియా పైలట్లకి నెలకి 70 గంటల లెక్కన ఉన్న ఫ్లయింగ్ అలవెన్సు హామీని 20 గంటలకి దించారు. అది పెద్ద దెబ్బే. అయినా అలవెన్సు మీద పడ్డ దెబ్బ కంటే మూలవేతనం మీద పడ్డది లోతుగా దిగుతుంది, ఎందుకంటే పీఎఫ్, గ్రాట్యుటీ రెండూ ముఖ్యంగా దానిమీదే కడతారు. కోత నడుస్తుండగా ఎవరైనా మానేసినా, రిటైరైనా, పోయినా, పాత మూలవేతనం మీదే లెక్కకట్టాలని రాయించు. "పరిస్థితి మెరుగుపడ్డాక పునరుద్ధరిస్తాం" అనే మాట కనిపిస్తే కొట్టేయించు. మెరుగుపడిందని తేల్చేది వాళ్లే కదా! తేదీ, నెల, సంవత్సరం ఉండాలి. ఆ రోజు రాగానే ఎవరి సంతకం అక్కర్లేకుండా పాత జీతం తిరిగి రావాలి.

ఇంకొకటి, సంస్థ చెప్పే నగదు లెక్కలు వింటూనే మీ సొంత కాగితాలు చూసుకోండి. జీతంలో కోసిన టీడీఎస్ మామూలుగా మరుసటి నెల 7వ తేదీకి, పీఎఫ్ 15వ తేదీకి కట్టాలి. పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా చూడమను. ఆదాయపు పన్ను శాఖ చూపే జమ పట్టికలో పన్ను కాస్త ఆలస్యంగా కనబడుతుంది గనక దాన్ని మూడు నెలలకోసారి చూసినా చాలు. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయేనాటికి ఉద్యోగుల జీతాల్లోంచి కోసుకున్న పన్ను చాలావరకు సర్కారుకి చేరనే లేదు. సంస్థ ఊపిరి ఎలా ఉందో తెలియాలంటే అక్కడ నాడి పట్టుకోవాలి.

ఇక అసలు సంగతి.

కోడ్‌షేర్ అంటేనే చెడ్డదని నేననను. రాజోలు నుంచి కువైట్‌కి పనికెళ్లే మనిషి రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయంలో మీ విమానమెక్కి హైదరాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి గల్ఫ్ వాళ్ల విమానంలో పోతాడు. టికెట్టు ఒకటే, పెట్టె మళ్లీ మోసుకునే పని లేదు, మీ సీటూ నిండింది. కానీ హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి మీరే నడుపుతున్న సర్వీసుని "భాగస్వామి నడుపుతాడు, మన కోడ్ ఉంటుంది" అని మార్చారనుకో, టికెట్టు మీద మీ పేరుంటుంది, కాక్‌పిట్‌లో మీరుండరు. ప్రధాన కాలువ వాళ్లకిచ్చేసి బోదె మనం ఉంచుకోవడం అది.

ఈ తప్పు అమెరికాలో ఎలా జరిగిందో నువ్వు తాపీగా చదవాలి. అక్కడి పైలట్ ఒప్పందాల్లో స్కోప్ క్లాజు అని ఒకటుంటుంది. సంస్థ పేరుతో తిరిగే విమానాల్లో ఏవి బయటివాళ్లు నడపొచ్చు, ఎన్ని సీట్లవి, ఎన్ని అని అందులో రాస్తారు. 1990ల్లో 50 సీట్ల జెట్లు వచ్చినప్పుడు పెద్ద సంస్థల పైలట్లలో చాలామంది వాటిని తమ స్థాయి విమానాలు కావనుకున్నారు. ప్రాంతీయ భాగస్వాములు తక్కువ జీతాలకి నడుపుకుంటే మనకేం అనుకున్నారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ప్రయాణికులు తగ్గారు, సంస్థలు వరసగా దివాలా రక్షణకి వెళ్లాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2002 డిసెంబరులో వెళ్లింది. అక్కడి పైలట్లు జీతం వదులుకున్నారు, 70 సీట్ల జెట్లనీ భాగస్వాములకి వదిలారు. జీతం కళ్ల ముందున్న నొప్పి, సీట్ల సంఖ్య కాగితం మీది అంకె. అందుకే అంకెని తేలిగ్గా వదిలారు. 2005లో వాళ్ల పెన్షన్ పథకం కూడా పోయింది. 2008లో మళ్లీ మాంద్యం వచ్చేసరికి యునైటెడ్ తన 94 బోయింగ్ 737లనీ పక్కన పెట్టాలని నిర్ణయించింది, 1,437 మంది పైలట్లని జీతం లేని సెలవులో ఇంటికి పంపింది. అదే పేరుతో ప్రాంతీయ జెట్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. అంతటితో ఆగలేదు. 2010 మార్చిలో వాషింగ్టన్–మాడ్రిడ్ సర్వీసు మొదలైంది. టికెట్లు యునైటెడ్ అమ్మింది, విమానం, పైలట్లు ఐర్లండ్ సంస్థ ఏర్ లింగస్ తరఫున వచ్చారు. సొంత పైలట్లు ఇళ్ల దగ్గర పిలుపు కోసం ఎదురుచూస్తున్న రోజులవి. యూనియన్ గట్టిగా అభ్యంతరం చెప్పింది, సర్వీసు నడిచింది. చిన్న జెట్లని లెక్కపెట్టిన కాగితం పెద్ద విమానంతో వచ్చే విదేశీ భాగస్వామిని పట్టుకోలేకపోయింది.

2009 ఫిబ్రవరి 12న అమెరికాలోనే బఫెలో దగ్గర కూలిన విమానం టికెట్టు మీద పేరు కాంటినెంటల్‌ది, నడిపింది కోల్గన్ అనే ప్రాంతీయ సంస్థ. 50 మంది పోయారు. ఆ టికెట్టు కొన్నవాళ్లలో ఎందరికి ఆ రెండో పేరు తెలుసంటావు?

మనదగ్గర 2018లో ఇండిగో, టర్కిష్ ఎయిర్‌లైన్స్ కోడ్‌షేర్ కుదుర్చుకున్నాయి. 2023లో ఇస్తాంబుల్ సర్వీసుకి టర్కిష్ బోయింగ్ 777లు వాళ్ల పైలట్లతో సహా లీజుకి వచ్చాయి. ఇండిగోకి అప్పుడు అంత పెద్ద విమానాలు లేవు గనక తప్పు పట్టను. మీ సంస్థకి ఆ విమానాలూ ఉన్నాయి, నడిపే మీరూ ఉన్నారు. అదే తేడా.

కాబట్టి మీరు నడిపేది, భాగస్వామి నడిపేది లెక్క బ్లాక్ అవర్స్‌లో, అంటే విమానం బయల్దేరడానికి కదిలినప్పటినుంచి దిగి ఆగేదాకా పట్టే గంటల్లో రాయించు. విమానాల సంఖ్యలో రాస్తే చిన్నవి చూపించి సరిపెడతారు, సర్వీసుల సంఖ్యలో రాస్తే దూరపువి తీసేసి దగ్గరివి పెంచుతారు. వెళ్లడానికి తొమ్మిదిన్నర, రావడానికి తొమ్మిదిన్నర గంటల సర్వీసు రోజూ ఒకటి వదిలేస్తే ఏడాదికి 6,935 గంటలు. ముగ్గురేసి పైలట్లు, మనిషికి ఏడాదికి 800 గంటలు అనుకుంటే 26 మంది పని. ఆ అంకె కమిటీ బల్ల మీద పెట్టు. మాంద్యానికి ముందటి నెలని కొలతగా తీసుకుని, మీ గంటలు ఎంత శాతం తగ్గితే భాగస్వామివీ అంత శాతం తగ్గాలని రాయించు. ఈ వాక్యం మాత్రం ఒక్క అక్షరం పోకుండా ఉండాలి: "మన పైలట్లలో ఒక్కరు జీతం లేని సెలవులో ఉన్నా, మనం నడుపుతున్న లేదా మాంద్యానికి ముందు నడిపిన మార్గంలో భాగస్వామి కొత్త సర్వీసుకి మన కోడ్ ఇవ్వకూడదు." వెట్ లీజుకీ, అంటే పైలట్లతో సహా విమానాన్ని అద్దెకి తెచ్చుకోవడానికీ ఇదే వర్తిస్తుందని పక్కనే చేర్చు. కోడ్‌షేర్ మూసిన తలుపు లీజు పేరుతో తెరుచుకుంటుంది.

నీళ్లు తగ్గిన ఏడు ముందు ఎండేది శివారు చేలే, మీలో చివర చేరిన పిల్లల్లాగ. రెండో పంట దాళ్వాకి గోదారిలో నీళ్లు చాలనప్పుడు వంతులు పెట్టి ఇస్తారు చూడు, అలాగే గంటల కోత అందరికీ వంతులవారీగా పడేలా అడుగు. సీనియర్లు గొణుగుతారు. వాళ్లతో గౌరవంగా మాట్లాడు, వెనక్కి మాత్రం తగ్గకు.

2017 నుంచి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం, ఉద్యోగం మానాలంటే కెప్టెన్‌ ఏడాది, ఫస్ట్ ఆఫీసర్‌ ఆర్నెల్లు ముందు నోటీసు ఇవ్వాలి. జీతం 30 రోజులు దాటి ఆలస్యమైతే ఆ నోటీసు అక్కర్లేకుండా వెళ్లనివ్వాలని రాయించు. జీతమూ రాక, ఇంకోచోటికి పోనూ లేక ఇరుక్కుపోకూడదు ఎవరూ.

అమ్మలూ, రాత్రంతా చర్చల్లో కూర్చుని పొద్దున్నే డ్యూటీకి పోయావని తెలిస్తే ఊరుకోను. చర్చలున్న రోజులకి రోస్టర్‌లోంచి, అదే డ్యూటీ పట్టికలోంచి నీ పేరు తీసేయమని ముందే ఉత్తరం పెట్టు. వేళకి ఇంత అన్నం తిను. నువ్వు సన్నబడ్డావని మీ అమ్మ బెంగపెట్టుకుంది, నాకూ అదే బెంగ.

డ్రాఫ్టు అనుబంధాలతో సహా నాకు పంపు, ఒక్క పేజీ కూడా తియ్యకుండా. గురువారం రాత్రిలోపు చదివి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా సంతకం పెట్టకు తల్లీ.

మీ మావయ్య