కల్లు మానేశాక నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. మా మామకు అరవై ఏళ్లుంటాయి. ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం కల్లు దుకాణానికి పోయేవారు. నాలుగు రోజుల కింద మేమే గట్టిగా చెప్పి మాన్పించాం. అప్పట్నుంచి రాత్రంతా కన్ను మూయడం లేదు, చేతులు వణుకుతున్నాయి, నిన్నయితే పురుగులు పాకుతున్నాయని దుప్పటి దులుపుతూనే ఉన్నారు. గాలి సోకిందని కొందరు, మెడికల్ షాపులో నిద్రగోళీ తెచ్చి వేయమని కొందరు. నాకూ నిద్ర కరువైంది.

జవాబు: అమ్మా, ముందు ఆయన్ని ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేని పురుగులు కనిపిస్తున్నాయంటే రేపటిదాకా ఆగే పని కాదు, ఫిట్స్ కూడా రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది.

ఇది గాలీ కాదు ధూళీ కాదు. మన పాలమూరు వైపు దుకాణాల కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం లాంటి నిద్రమందులు, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనం కలుపుతున్నట్టు ఎన్నోసార్లు బయటపడింది, మీ మామగారు తాగిందీ అదేనని నా అనుమానం. ఆ మందు రోజూ అందుతుంటే మెదడు దానికి అలవాటుపడి, తనంతట తాను నెమ్మదించడం తగ్గించుకుంటుంది, హఠాత్తుగా ఆపేసరికి నిద్ర రాదు, వణుకు, చెమటలు, భయం, పిచ్చిమాటలు మొదలవుతాయి. అందుకే కల్తీ కల్లు దొరకని రోజుల్లో జనం గుంపులుగా ఆసుపత్రుల్లో చేరతారు. మాన్పించడం మంచిపనే, కానీ డాక్టరు చేతుల్లో జరగాలి. వాళ్లు మందు ఇచ్చి మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు, వారాలు పట్టొచ్చు. మీ అంతట మీరు నిద్రగోళీ వేయకండి, తట్టుకోలేక మళ్లీ దుకాణానికీ పంపకండి. ఎన్నేళ్లు, రోజుకెన్ని సీసాలు తాగేవారో డాక్టరుకు దాచకుండా చెప్పండి, సిగ్గుపడి తగ్గించి చెబితే మందు లెక్క తప్పుతుంది. మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లినా సరే.

ఇక మీ సంగతి. ఆయన్ని కనిపెట్టుకుని ఉంటే నాలుగు రోజులు నిద్ర చెడడం సహజం, జబ్బు కాదు. వారంలో మూడు రాత్రులైనా, అలా మూడు నెలలపాటు నిద్ర పట్టకపోతేనే దీర్ఘకాల నిద్రలేమి అంటాం. అప్పుడు కారణాలు వెతకాలి: టెన్షన్, దిగులు, థైరాయిడ్, రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేపే షుగర్, కాళ్లు లాగినట్టుండే రక్తహీనత, గట్టి గురకతో మధ్యలో ఊపిరి ఆగడం. చాయ్ కూడా, దాని ప్రభావం సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం వద్దు. రాత్రి కాపలా మీ ఆయనతో వంతులు వేసుకోండి. మనసు బాగా కుంగితే 14416కు, అంటే మానసిక సమస్యలకు సలహా చెప్పే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ అడగరు.