మూడు వేల రూపాయల పాట

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం అందింది. కథలు రాసి సైటులో పెడుతున్నా చదివేవాళ్లు లేరని, నెలకు మూడు వేలు పెట్టి ఫేస్‌బుక్‌లోనో గూగుల్‌లోనో ప్రకటనలు ఇద్దామనుకుంటున్నానని రాశావు. ఇవ్వొచ్చు. అయితే ఆ మూడు వేలూ నీ చేతిలో మూడు వేలుగా ఉండవు. 18 శాతం జీఎస్టీ పోతే ప్రకటనకు మిగిలేది 2,542 రూపాయలు. లెక్కలన్నీ ఆ అంకె మీదే వేసుకో. కార్డు తగిలించి వదిలెయ్యకుండా యూపీఐతో ముందే డబ్బు వేసుకుని వాడుకునే పద్ధతి ఎంచుకో. ఖాతాలో డబ్బు అయిపోతే ప్రకటన దానంతటదే ఆగుతుంది. మరిచిపోయి పడుకున్నా ఇల్లు గుల్ల కాదు.

ఎవరి ప్రకటన కనిపించాలన్నది వేలంలో తేలుతుంది, ముందు ఆ వేలం ఎలా నడుస్తుందో చెప్తాను. గుడి దగ్గర కొబ్బరికాయల వేలంలో ఎక్కువ పాడినవాడిదే పాట. ఇంటర్నెట్‌లో ప్రకటనల వేలం కూడా మొదట్లో అలాగే ఉండేది. 1998లో గోటూ డాట్ కామ్ సంస్థ సెర్చ్ ఫలితాల్లో ఎక్కువ పాడినవాడికే పైచోటు ఇచ్చేది. 2002లో గూగుల్ ఆ పాటకు ఇంకో లెక్క కలిపింది: ఈ ప్రకటన కనిపిస్తే జనం నొక్కుతారా లేదా అని. నీలాంటి చిన్న పర్సు వాళ్లకు అవకాశం వచ్చింది అక్కడే.

ఉదాహరణకు నువ్వు క్లిక్కుకు 4 రూపాయలు పాడావనుకో, నీ ప్రకటన నాణ్యత పదికి 8. పక్కవాడు 6 రూపాయలు పాడాడు, అతని నాణ్యత 5. నీది 32, అతనిది 30. తక్కువ పాడిన నీదే పైచోటు. పైగా నువ్వు 4 రూపాయలూ కట్టనక్కర్లేదు. అతన్ని దాటడానికి ఎంత కావాలో అంతే, అంటే 30ని 8తో భాగిస్తే వచ్చే 3 రూపాయల 75 పైసల మీద ఒక్క పిసరు. అసలు సూత్రంలో ఇంకా చాలా అంశాలు కలుస్తాయి కానీ ఎముక ఇదే. ఫేస్‌బుక్‌ను నడిపే మెటా సంస్థ వేలం లెక్క వేరైనా దారి అదే: నీ పాట, చూసినవాళ్లు నువ్వు కోరిన పని చేసే అవకాశం, ప్రకటన నాణ్యత, ఈ మూడూ కలిపి చూస్తుంది. అంటే ధరను తగ్గించే పని సగం నీ వాక్యానిదే. అది మాత్రం నీకు చేతనైన పనే కదా!

అందుకే ప్రకటనలో ఏం రాయాలన్నది చివరి పని అనుకోకు. "గుండెను పిండేసే కథ! చివరి వరకు చదివితే కన్నీళ్లు ఆగవు! లైక్ చేయండి, షేర్ చేయండి!" ఇలాంటిది రాస్తే రెండు నష్టాలు. లైకులు అడుక్కునే మాటల్ని, విషయం దాచిపెట్టి ఊరించే మాటల్ని మెటా నాసిరకం కింద కడుతుంది, నీ ధర పెరుగుతుంది. రెండోది, నొక్కి వచ్చినవాడికి ఆ కన్నీళ్లు మొదటి పేరాలో కనపడవు, వెనక్కి పోతాడు. కథలోని ఒక వాక్యాన్నే ప్రకటనగా పెట్టి చూడు. "పెళ్లిచూపులవాళ్లు టిఫిను తిని వెళ్లాక తెలిసింది, వాళ్లు రావలసింది పక్కింటికి." అంతే. కింద కథ పేరు, ఎన్ని నిమిషాల కథో చెప్పే మాట. ఆ లింకు నొక్కితే వచ్చే పేజీలో మొదట కనిపించేది కూడా ఆ వాక్యమే కావాలి. సైటు మొదటి పేజీకి లింకు ఇచ్చి వెతుక్కోమనడం కన్నా దుబారా లేదు.

గూగుల్ సెర్చ్ ప్రకటనలో శీర్షికకు 30 అక్షరాలు, వివరణకు 90 ఇస్తారు. తెలుగులో అది అనుకున్నంత కాదు. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "లక్ష్మి" అన్న రెండక్షరాలకు అక్కడ ఏడు ఖర్చు. "అమ్మమ్మ వంటింటి కథలు" అంటే ఇరవై. శీర్షికలు పదిహేను దాకా ఇవ్వొచ్చు, వాటిని యంత్రం కలిపి చూపిస్తుంది. కాబట్టి ఏ శీర్షిక పక్కన ఏది వచ్చినా అర్థం చెడకుండా రాయి.

ఇక ఎక్కడ పాడాలి? కథలకు మెటాయే మేలని నా అభిప్రాయం. గూగుల్‌లో మనిషి ఏదో కావాలని వెతుకుతాడు, ముక్కూ మొహం తెలియని రచయిత కథ కావాలని ఎవరూ వెతకరు. నీ సైటులో ఛందస్సు మీద వ్యాసాలున్నాయన్నావు, వాటికైతే గూగుల్ సరిపోతుంది. "ఉత్పలమాల గణాలు" అని పిల్లలు వెతుకుతారు, ఆ మాట మీద డబ్బు పెట్టే వ్యాపారి ఉండడు కాబట్టి పోటీ తక్కువ. కాకపోతే భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం అని తెలుసుకున్న విద్యార్థి అక్కడే వెళ్లిపోతాడు. వాణ్ణి నీ కథల దాకా నడిపించే లింకు ఆ వ్యాసం మధ్యలో ఉండాలి, అడుగున కాదు.

గూగుల్‌లో దిగితే కొన్ని జాగ్రత్తలు. కొత్త ఖాతా తెరవగానే అంతా యంత్రానికే వదిలేసే రకం క్యాంపెయిన్ల (ప్రకటన ప్రచారాల) వైపు నిన్ను తోస్తుంది. అది వద్దని, వెతికినప్పుడు కనిపించే సెర్చ్ క్యాంపెయిన్ తీసుకో. అందులో డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ పార్ట్‌నర్స్ అన్న టిక్కులు ముందే పెట్టి ఉంటాయి, అవి నీ ప్రకటనను వేరే సైట్లలోకీ తీసుకుపోతాయి, రెండూ తీసెయ్యి. సిఫారసులు వాటంతటవే అమలయ్యే ఆటో అప్లై కూడా ఆపెయ్యి. క్లిక్కుకు గరిష్ఠ ధర నువ్వే పెట్టు. రోజుకు 100 అని రాస్తే ఒక్కోరోజు 200 దాకా ఖర్చు కావచ్చు, కంగారు పడకు. నెల మొత్తం మీద 30.4 రోజుల లెక్క దాటదు.

కీవర్డులు, అంటే జనం ఏ మాటలు వెతికితే నీ ప్రకటన రావాలో ఆ మాటలు, తెలుగు లిపిలోనూ, రోమన్ లిపిలోనూ రెండు రకాలుగా ఇవ్వు. చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. తెలుగు లిపిలో పొడుగ్గా ఇస్తే "లో సెర్చ్ వాల్యూమ్" (వెతికేవాళ్లు తక్కువ) అని పక్కన పెట్టేస్తుంది, అప్పుడు మాట కుదించు. దగ్గరి మాటలన్నిటికీ ప్రకటన చూపించే బ్రాడ్ మ్యాచ్ జోలికి వెళ్లకు, నువ్విచ్చిన మాటకే దగ్గరగా ఉండే ఎగ్జాక్ట్, ఫ్రేజ్ చాలు. నెగటివ్ మాటల జాబితా, అంటే ఇవి వెతికేవాళ్లకు నా ప్రకటన చూపించొద్దని చెప్పే జాబితా, మొదటిరోజే పెట్టాలి: పీడీఎఫ్, డౌన్‌లోడ్, ఎంపీ3, వీడియో, సీరియల్. "తెలుగు కథలు" అన్న మాట మీద పాడేటప్పుడు బూతు కథలు వెతికేవాళ్లు వాడే మాటలన్నీ రెండు లిపుల్లోనూ నెగటివ్‌లో వెయ్యడం తప్పనిసరి. మొహమాటపడితే నీ 2,542లో ఎంత వాళ్లకు పోతుందో రెండో రోజు, జనం ఏమేం వెతికితే నీ ప్రకటన వచ్చిందో చూపే సెర్చ్ టర్మ్స్ పేజీ తెరిస్తే తెలుస్తుంది. ఆ పేజీని మొదటి వారం రోజూ చూడు.

మెటాలో "బూస్ట్ పోస్ట్" బటన్ నొక్కకు. దాన్ని మామూలుగా వదిలేస్తే అది లైకులు, కామెంట్లు కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి తెస్తుంది. నీకు కావలసింది చదివేవాళ్లు. యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, సైటుకు జనాన్ని తెచ్చే "ట్రాఫిక్" రకం తీసుకుని, లక్ష్యంగా "లింక్ క్లిక్స్" కాక "ల్యాండింగ్ పేజ్ వ్యూస్" పెట్టు. దానికి సైటులో మెటా పిక్సెల్ ఉండాలి, అంటే పేజీ తెరిచినవాళ్లను మెటాకు చెప్పే చిన్న కోడు ముక్క. ఈ రెంటికీ తేడా చిన్నది కాదు. మొదటిది వేలు తగిలితే చాలు లెక్కవేస్తుంది, రెండోది పేజీ తెరుచుకున్నాకే. ప్లేస్‌మెంట్లలో, అంటే ప్రకటన కనిపించే చోట్లలో, ఆడియన్స్ నెట్‌వర్క్ తీసెయ్యి. వేరేవాళ్ల యాప్‌లలో కనిపించే ఆ ప్రకటనల మీద పొరపాటున పడే వేళ్లే ఎక్కువ. అక్కడ క్లిక్కు చవకగా రావడానికి కారణం కూడా అదే.

భాష దగ్గర తెలుగు ఒక్కటే పెడితే ఫేస్‌బుక్‌ను తెలుగులో పెట్టుకున్నవాళ్లకే కుదించుకున్నట్టు. మనవాళ్లలో తెలుగు చదివేవాళ్లెందరో దాన్ని ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు. ఆంధ్ర, తెలంగాణలకు భాష ఖాళీగా వదిలెయ్. బెంగళూరు, చెన్నై, ముంబైలకైతే తెలుగు పెట్టక తప్పదు. అమెరికాలో ఉన్నవాళ్లకు వేరే యాడ్ సెట్ (ఎవరికి చూపాలో పెట్టుకునే విభాగం) చెయ్యి, లేదా ఈ బడ్జెట్‌తో అసలు వద్దు. అక్కడి క్లిక్కు ధర ఎక్కువ, కారణం అక్కడ నీతో పాడేవాళ్లు బ్యాంకులు, బీమా కంపెనీలు. ఇక్కడివాళ్లనూ అక్కడివాళ్లనూ ఒకే సెట్‌లో కలిపితే యంత్రం చవకైన వైపే మొత్తం డబ్బు పోస్తుంది.

ఎప్పుడు పాడాలన్నదీ ఆలోచించు. దసరా, దీపావళి అమ్మకాల రోజుల్లో బట్టల దుకాణాల నుంచి ఫోన్ల కంపెనీల దాకా అందరూ వేలంలోనే ఉంటారు. ఆ వారాల్లో నీ మూడు వేలు జేబులోనే ఉంచు. పండగ వెళ్లాక అదే డబ్బుకు ఎక్కువమందికి కనిపిస్తావు.

డబ్బు పెట్టే ముందు నీ పేజీని మామూలు ఆండ్రాయిడ్ ఫోనులో, వైఫై ఆపి, తెరిచి చూడు. ప్రధాన భాగం రెండున్నర సెకన్లలో కనపడాలి. తెలుగు సైట్లలో ఆలస్యానికి తరచు కారణం ఫాంటే. ఒత్తులు, గుణింతాల రూపాలన్నీ మోయాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషుదానికన్నా చాలా బరువు. రెండు మూడు ఫాంటులు పెట్టి అందం చేద్దామనుకోకు, ఒకటి చాలు. అది దిగేలోపు ఫోనులో ఉన్న ఫాంటుతోనే అక్షరాలు కనిపించేలా సెట్టింగు పెట్టించు. క్లిక్కులు వంద, పేజీ తెరిచినవి అరవై అని మెటా చూపించిందంటే, ఆ నలభైమందీ తెల్ల తెర చూసి పోయినవాళ్లే అనుకో.

ఇప్పుడు అసలు లెక్క. ఒక ప్రకటనకు 500 పెట్టావు, క్లిక్కు 2 రూపాయలు, 250 మంది నొక్కారు, ఆరుగురు నీ కథలు ఈమెయిల్‌కు పంపమని చేరారు అనుకుందాం. చేరిన ఒక్కొక్కరికీ 83 రూపాయలు. ఇంకో ప్రకటనకు క్లిక్కు 4 రూపాయలు, 125 మందే వచ్చారు, కానీ పదిమంది చేరారు. మనిషికి 50. తెర మీద మొదటిదే చవకగా కనిపిస్తుంది, కొత్తవాళ్లు దాన్నే పెంచి రెండోదాన్ని ఆపేస్తారు. నువ్వు పట్టించుకోవాల్సిన ధర చేరిన మనిషి ధర. నొక్కి పోయినవాడు మళ్లీ కావాలంటే మళ్లీ కొనాలి. చేరినవాడికి వచ్చే కథను ఊరికే పంపుతావు.

వాట్సాప్ ఛానల్ పెడితే ఇంకా ఎక్కువమంది చేరొచ్చు, మనవాళ్లు మెయిలు తెరిచేది తక్కువ. కానీ ఛానల్లో చేరినవాళ్ల నంబర్లు నీకు కనపడవు, రేపు ఆ ఛానల్ పోతే వాళ్లూ పోతారు. మెయిలు జాబితా నీది. రెండూ పెట్టు, మెయిలు బటన్‌ను మాత్రం కథ సగంలో ఒకసారి, చివర ఒకసారి ఉంచు.

ఏ ప్రకటన నుంచి ఎవరొచ్చారో తెలియాలంటే ప్రతి లింకు చివరా యూటీఎం తోక, అంటే ఏ ప్రకటనో చెప్పే గుర్తు, వేరేగా తగిలించు. సైటుకు వచ్చినవాళ్ల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్‌లో "ఎంగేజ్డ్ సెషన్" అన్న అంకె చూసి మురిసిపోకు. పది సెకన్లు దాటి ఉంటే చాలు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, పది సెకన్లలో నీ కథ శీర్షిక చదవడమే అవుతుంది. పేజీ తొంభై శాతం కిందికి జరిపినవాళ్లెందరో చూడు.

ఖర్చు ఇలా పంచుకో. మొదటి వారం రోజుకు 100 చొప్పున 700, ఒకే కథకు రెండు ప్రకటనలు. మధ్యలో చెయ్యి పెట్టకు. పెద్ద మార్పు చేసినప్పుడల్లా మెటా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం మొదలెడుతుంది. ఆ దశ దాటడానికి వారానికి యాభై ఫలితాలు దానికి కావాలి. అందుకే ఈ బడ్జెట్‌తో "చేరినవాళ్లు" అన్న లక్ష్యం పెట్టవద్దంటున్నాను. మనిషికి 50 చొప్పున యాభైమందికి వారానికే 2,500 కావాలి. పేజీ తెరవడాన్ని లక్ష్యంగా పెట్టి, చేరినవాళ్లను నువ్వే లెక్కపెట్టుకో. వారం తర్వాత మనిషి ధర తక్కువున్నదాన్ని ఉంచి, రోజుకు 150 చొప్పున పన్నెండు రోజులు నడుపు. 1,800. మొత్తం 2,500 అయింది. రెండు ప్రకటనల్లోనూ ఒక్కరూ చేరకపోతే మిగతా డబ్బు దాచుకుని కథ మొదటి పేరా తిరగరాయి.

నీ కథల్లో రైతు కథ, కులం కథ ఉన్నాయి. వాటి ప్రకటనను రాజకీయమో సామాజిక అంశమో అనుకుంటే మెటా ఆపేసి గుర్తింపు ధ్రువీకరణ అడుగుతుంది. మొదటి ప్రయోగానికి పెళ్లిచూపుల కథే తీసుకో, ధ్రువీకరణ పని పక్కన నడుస్తుంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా వద్దంటాను. వెయ్యి రూపాయలకు పదివేల విజిటర్లు అని అమ్మేవాళ్ల దగ్గర కొనకు. అవి చాలావరకు యంత్రాల క్లిక్కులు. నీ పేజీలో ఇతరుల ప్రకటనలు చూపించి నీకు డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ ఉంటే, ఆ పేజీకి అవి తగిలితే ఖాతాయే పోవచ్చు. 2018 నుంచి తెలుగు సైట్లకు యాడ్‌సెన్స్ ఉంది నిజమే కానీ, క్లిక్కు కొని తెచ్చినవాడి మీద యాడ్‌సెన్స్ పైసలతో లాభం తీద్దామన్న ఆశ కూడా వదులుకో.

మొదటి వారం అయ్యాక రెండు ప్రకటనల మాటలు, పేజీ తెరిచినవాళ్లెందరు, చేరినవాళ్లెందరు, ఈ మూడూ రాసి పంపు. ఛందస్సు వ్యాసానికి గూగుల్ కూడా మొదలెడితే సెర్చ్ టర్మ్స్ పేజీని ఫొటో తీసి జతచెయ్యి, నెగటివ్ మాటలు నేనూ కొన్ని చెప్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య