నాన్నకు డయాలసిస్ అన్నారు, వీడియోలు చూసి నేర్చుకోవచ్చా?

మీ ప్రశ్న చదివాను. మీ నాన్నగారికి డయాలసిస్ మొదలుపెట్టాలని, అంతకుముందే డయాలసిస్ సూదుల కోసం చేతి సిరను సిద్ధం చేసే ఫిస్టులా ఆపరేషన్ చేయించాలని మహబూబ్‌నగర్‌లో డాక్టర్ చెప్పారు. మీరు చదివింది బీకాం. యూట్యూబ్‌లో వీడియోలు చూసి ఇదంతా నేర్చుకోవచ్చా, చూస్తే ఉన్న టెన్షన్ ఇంకా పెరుగుతుందా అని అడిగారు.

నేర్చుకోవచ్చు. నేను అట్లాగే నేర్చుకున్నాను. మాది దేవరకొండ వైపు. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిని మా అమ్మ కొన్నేళ్లుగా డయాలసిస్ మీదే ఉంది. నేనూ కామర్స్ చదివినదాన్నే. అయితే ఒక్క మాట గట్టిగా చెబుతాను: ఆపరేషన్ వీడియోతో మొదలుపెట్టకండి. ముందు బాగున్న కిడ్నీ ఏం పని చేస్తుందో చూడండి, తర్వాత జబ్బు, ఆఖరికి ఆపరేషన్. ఈ వరస తప్పితే నెత్తురు తప్ప ఇంకేమీ కంటికి ఆనదు.

బాగున్న కిడ్నీ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఇంటర్ జువాలజీలో విసర్జన వ్యవస్థ పాఠం ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానల్ టీ-శాట్‌లో, ఇంకా చాలామంది లెక్చరర్ల ఛానళ్లలో అది తెలుగులోనే దొరుకుతుంది. బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే పాఠమైతే ఇంకా మంచిది. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడగట్టే సన్నటి గొట్టాలు ఉంటాయని, రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే పంపి, లీటరున్నర రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయని అక్కడే విన్నాను. కండరాల్లో తయారయ్యే వ్యర్థం క్రియాటినిన్, దాన్ని కిడ్నీ బయటికి పంపలేకపోతే రక్తంలో పెరుగుతుంది అని తెలిశాక అమ్మ రిపోర్టు చూసే తీరే మారిపోయింది. అంతవరకూ అది మమ్మల్ని భయపెట్టే ఒక అంకె. డాక్టర్ మేడం గబగబా చెప్పే నాలుగు మాటల్లో మూడు అర్థం కావడం అప్పుడే మొదలైంది.

తర్వాత ఇంగ్లీష్ వీడియోలకు వెళ్లండి. ఖాన్ అకాడమీలో కిడ్నీ పాఠాలు ఉన్నాయి, చేత్తో బొమ్మలు గీస్తూ చెప్పే మెడికల్ ఛానళ్లూ ఉన్నాయి. వేగం తగ్గించి, ఇంగ్లీష్ అక్షరాలు కింద కనబడేలా పెట్టుకుని చూడండి. యంత్రం చేసే తెలుగు అనువాదం నమ్మకండి, వైద్యం మాటల దగ్గర అది తికమక పెడుతుంది. ఎలాగూ మన డాక్టర్లు, సిస్టర్లు వాడేవి ఇంగ్లీష్ మాటలే. ఆర్టరీ (ధమని), వెయిన్ (సిర), పొటాషియం, డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పటి బరువు) అని ఒక నోటుబుక్కులో రాసుకుని, పక్కన మీకు అర్థమైంది మీ మాటల్లో రాసుకోండి. నా నోటుబుక్కు ఇప్పటికీ అమ్మ ఫైలులోనే ఉంటుంది.

ఇక ఫిస్టులా. చాలామందికి మణికట్టు దగ్గర, ఆ చోటు వరకే మత్తిచ్చి, గుండె నుంచి రక్తం తెచ్చే ఒక ధమనిని, రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే పక్కనున్న సిరకు కలిపి కుడతారు. ధమనిలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆ వేగమంతా సిరలోకి వచ్చి, కొన్ని వారాల్లో సిర లావెక్కి గట్టిపడుతుంది. డయాలసిస్‌కు వేసే రెండు లావు సూదులను మళ్లీ మళ్లీ తట్టుకోవాలంటే అట్లాంటి సిర కావాలి. దీని మీద బొమ్మలతో చేసిన యానిమేషన్ వీడియోలు చాలా ఉన్నాయి, అవి చాలు. నిజం ఆపరేషన్ వీడియో చూసి తీరాలని ఏమీ లేదు. నేను చాలా తర్వాత చూశాను, అప్పటికి లోపల ఏది ఏదో తెలుసు కాబట్టి భయం వేయలేదు.

వీడియోలో ఎంత చూసినా చేతికి తెలిసేది వేరే ఉంటుంది. కుట్టిన చోట వేళ్లు ఆనిస్తే లోపల గరగరమని అదురు తెలుస్తుంది, దాన్ని థ్రిల్ అంటారు. మొదటిసారి తాకినప్పుడు మా అమ్మ, "ఏంది బిడ్డా, చెయ్యిలోపల బోరు మోటరు నడిచినట్టుంది" అంది. ఆ మోటరు నడుస్తుంటేనే ఫిస్టులా బాగున్నట్టు. పొద్దున లేవగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తాకి చూడడం మీ నాన్నగారికే నేర్పండి. ఆ అదురు ఆగిపోయినా, చెయ్యి వాచి ఎర్రబడినా, చీము కనబడినా వీడియో వెతుకుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సూది తీసిన చోట నెత్తురు ఆగకపోతే వేలితో గట్టిగా అదిమి పట్టుకునే బయల్దేరండి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, సెలైన్ ఎక్కించనివ్వకూడదు. ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు, బిగుతు గాజులు, వాచీ వద్దు. ఊళ్లో హెల్త్ క్యాంపు పెట్టినప్పుడు ఒక అబ్బాయి బీపీ పట్టీ పట్టుకుని అమ్మ ఎడమ చెయ్యి అందుకోబోతే, నేను నోరు తెరిచేలోపే అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని "ఇది డయాలసిస్ చెయ్యి నాయనా, ఆ చెయ్యి చూడు" అంది. యానిమేషన్ తనకు కూడా చూపించాను కాబట్టే అది వచ్చింది.

వీడియోల వల్ల నాకు జరిగిన అసలు మేలు ఇంకొకటి, మన జిల్లాల వాళ్లు తెలుసుకోవాల్సింది. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకూ తెలిసే ఉంటుంది. ఆ ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు మీద పాఠాలు చూస్తుంటే మోచేతి కింద రెండు బొక్కల మధ్య ఉండే పొర కూడా సున్నం పట్టి గట్టిపడిన ఎక్స్‌రేలు చూపించారు. వెన్నుపూసలు అతుక్కుపోయి నడుం వంగదని చెప్పారు. మా ఊరి పెద్దమనుషులు మెడ తిప్పలేక మొత్తం మనిషే ఎందుకు తిరుగుతారో అప్పుడు అర్థమైంది. అదే పాఠంలో, తాగిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే అన్నారు. కిడ్నీ పని చేయకపోతే అది ఒంట్లోనే నిలుస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డయాలసిస్‌లో నిమిషానికి అర లీటరు చొప్పున ద్రవం నడుస్తుంది, నాలుగు గంటలంటే దాదాపు 120 లీటర్లు. పలచటి పొరకు ఇటు రక్తం, అటు ఆ నీళ్లు. మరి ఆ నీళ్లు ఎక్కడివి? మరుసటి డయాలసిస్ రోజు టెక్నీషియన్ తమ్ముణ్ని అదే అడిగాను. అతను విసుక్కోలేదు. "రా అక్కా" అని వెనక గదిలోకి తీసుకెళ్లి ఆర్‌ఓ ప్లాంటు చూపించాడు. ముందు ఇసుక ఫిల్టరు, తర్వాత కార్బన్, తర్వాత ఉప్పు వేసే సాఫ్ట్‌నర్, ఆపైన ఆర్‌ఓ పొరలు. గోడకు వేలాడే రిజిస్టరులో రోజువారీ రీడింగులు, ల్యాబుకు పంపిన నీటి రిపోర్టు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరేనని మన దేశ ప్రమాణం. డయాలసిస్ నీటికి హద్దు 0.2 మాత్రమేనని అతనే చెప్పాడు. 1993లో అమెరికాలోని చికాగోలో ఒక డయాలసిస్ కేంద్రంలో నీటిని శుద్ధి చేసే ఏర్పాటు దెబ్బతిని, ఫ్లోరైడ్ కలిసి ముగ్గురు చనిపోయారు. ఈ జాగ్రత్తలు అంత గట్టిగా ఎందుకు పాటిస్తారో అది చదివాక నాకు తెలిసింది. మీరూ అడగండి. నీళ్ల టెస్టు ఎప్పుడు చేయించారని మర్యాదగా అడిగితే తప్పు పట్టేవాళ్లు ఉండరు. ఆ ప్రశ్న నాకు వీడియో ఇచ్చింది, జవాబు మాత్రం ఆ గదిలోనే దొరికింది.

చూడకూడని వీడియోల గురించి చెప్పాలంటే నాకు కోపం ఆగదు. "పది రోజుల్లో క్రియాటినిన్ తగ్గించే కషాయం", "డయాలసిస్ మానేయండి, ఈ ఆకు చాలు" అని తెలుగులో లెక్కలేనన్ని ఉన్నాయి. కింద ఫోన్ నంబరు, కొరియర్‌లో మందు. మా బంధువుల్లో ఒకాయన కిడ్నీకి మంచిదని వీడియోలో విని రోజూ కొబ్బరి నీళ్లు తాగేవాడు. దాన్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పాడైనవాళ్లకు పొటాషియం పెరిగితే గుండె కొట్టుకోవడమే ఆగిపోవచ్చు. సమయానికి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి బతికాడు. కిడ్నీ బాగున్నవాళ్లకు చెప్పిన సలహా, పాడైనవాళ్లకు చెప్పిన సలహా ఒకటి కాదు. ఏ వీడియో చూసినా ఇది ఎవరి కోసం చెబుతున్నారో ముందు కనుక్కోండి. మాట్లాడేది నెఫ్రాలజిస్టేనా (కిడ్నీ డాక్టరేనా), ఏ ఆసుపత్రి, ఏ సంవత్సరం వీడియో, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలో చెప్పారా అని చూడండి. ఏదైనా అమ్ముతుంటే అక్కడే ఆపేయండి. నిజమైన డాక్టర్లు చెప్పే ఆహారం వీడియోలు కూడా మీ నాన్నగారి రక్త పరీక్ష చూసి చెప్పినవి కావు. అరటిపండు ఎంత, నీళ్లు ఎన్ని, బీపీ బిళ్ల ఎప్పుడు అనేది ఆయన డాక్టరూ డైటీషియనే చెప్పాలి.

నాన్నగారికి చూపించాలా వద్దా అనేది ఆయన్నే అడగండి. అమ్మకు నెత్తురు చూడడం ఇష్టం లేదు, కానీ మెషిన్ ఎట్లా పని చేస్తుందో మాత్రం మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. కొందరికి అదీ వద్దనిపిస్తుంది, బలవంతం చేయకండి. ఒకసారి డయాలసిస్ వార్డుకు తీసుకెళ్లి అప్పటికే చేయించుకుంటున్నవాళ్లతో మాట్లాడించండి. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితంగా చేస్తారు, కార్డు సంగతి అక్కడి ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరును ఏ చేతికి చేస్తారో అడిగి తెలుసుకోండి. మామూలుగా రోజూ పని చేయని చేతికి చేస్తారు. తెలిసిన క్షణం నుంచే, ఇంకా ఆపరేషన్ కాకముందే, ఆ చేతి సిరలకు సూదులు వేయనివ్వకండి. రక్త పరీక్షలన్నీ రెండో చేతి నుంచే తీయమని ల్యాబులో చెప్పండి, మీరు పక్కన లేనప్పుడు కూడా ఆయనే చెప్పేలా చూడండి.