మచ్చలు నాకు, చెవి కంపు కుక్కకు, రిపోర్టులో పేరు మాత్రం ఒక్కటే!

ప్రశ్న: చెన్నై మాధవరం వైపు గేదెలు పెట్టుకుని పాలు పోస్తున్నాం. నాకూ మా పెద్దబ్బాయికీ మెడ మీద, వీపు మీద తెల్లమచ్చలు వచ్చాయి. కొట్టం దగ్గర కాపలా కుక్క చెవులు జిడ్డుకట్టి కంపు కొడుతున్నాయి. నా చర్మం గీకి చేసిన పరీక్షలోనూ, కుక్క చెవి పరీక్షలోనూ ‘మలసీజియా’ అనే రాశారు. కుక్కను ఎక్కడైనా వదిలేసి రమ్మని ఇంట్లో గొడవ. మచ్చలకు రోజూ కొబ్బరినూనె రాస్తున్నాను. ఒక దూడకు కంటి చుట్టూ బూడిదరంగు చెక్కులు కట్టాయి. అన్నీ ఒకటేనా?

జవాబు: ముందు ఆ కుక్కను వదలకండి. మీ మచ్చలకూ దానికీ సంబంధం ఉన్నట్టు లేదు. మలసీజియా అన్నది చర్మం మీద బతికే ఒక రకం ఈస్టులకు (కంటికి కనిపించనంత చిన్న ఫంగస్‌లకు) ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరు వాళ్లు ఊళ్లో ఎంతమందో ఉంటారు, అందరూ ఒక గడప వాళ్లు కారు కదా.

మీకొచ్చింది మనం సిబ్బెం, శోభి అనేదే. మీ చుట్టుపక్కల తమిళులు తేమల్ అంటారు. గీకిన పొట్టు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే పొట్టి పొట్టి పోగులూ, వాటి మధ్య గుండ్రటి కణాల గుత్తులూ కనిపిస్తాయి. సేమ్యా సగ్గుబియ్యం పాయసం గుర్తు తెచ్చుకోండి, అచ్చం అలాగే ఉంటుంది. సిబ్బెం అని తేల్చడానికి డాక్టరుకు ఇది చాలు. ఆ ఈస్టు ఏ జాతిదో మాత్రం దీంతో తెలియదు. మీ రిపోర్టు ఇంటిపేరు దగ్గరే ఆగిపోయింది ఇందుకే.

జాతిని పట్టించేది నూనె. ఈ ఈస్టులు తమకు కావాల్సిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకోలేవు, మన చర్మం మీది జిడ్డు తిని బతుకుతాయి. అందుకే మనుషుల మీద ఉండే రకాలు ల్యాబులో మామూలు సబరో అగార్ (ఫంగస్‌లను పెంచే జెల్లీ లాంటి తిండి) మీద మొలవవు. పైన ఆలివ్ నూనె పోయాలి, లేదా కొవ్వు కలిపిన డిక్సన్ మీడియం వాడాలి. 32 నుంచి 34 డిగ్రీల వేడిలో ఉంచి, ఓపిగ్గా వారం పైన చూడాలి. కుక్క చెవిలో సాధారణంగా దొరికే మలసీజియా ప్యాకిడెర్మాటిస్‌కు ఈ పథ్యం అక్కర్లేదు. అగార్‌లో ఉన్న కాస్త కొవ్వుతోనే సర్దుకుంటుంది. కాబట్టి మీ పొట్టును నూనె ఉన్నదీ లేనిదీ రెండు రకాల ప్లేట్ల మీదా వేయమనండి. నూనె ఉన్నదాని మీదే పెరిగితే అది కుక్కది కాదు. మైక్రోస్కోపులో కూడా తేడా ఉంటుంది. కుక్కది వేరుశనగ కాయలా నడుము నొక్కుకుని ఉంటుంది. సిబ్బెంలో ఎక్కువగా దొరికే మలసీజియా గ్లోబోసా అనే జాతి గోళీలా గుండ్రంగా ఉంటుంది.

(ప్యాకిడెర్మాటిస్ అంటే మందపు చర్మానిది అని అర్థం. 1925లో వైడ్‌మన్ అనే ఆయన దీన్ని చర్మం పొట్టు రాలుతున్న భారతీయ ఖడ్గమృగం మీద నుంచి తీశాడు. కుక్కల పాలిట పడ్డ ఈస్టుకు ఖడ్గమృగం పేరు!)

మనుషుల రకాల్ని ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికీ తిండి పరీక్షే. ట్వీన్ 20, 40, 60, 80 అనే కొవ్వు పదార్థాలు పెట్టి దేని చుట్టూ పెరుగుతుందో చూస్తారు. ఫర్‌ఫర్ అనే జాతి నాలుగింటినీ తింటుంది, గ్లోబోసా ఒక్కదాన్నీ ముట్టదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే గ్లోబోసా నురగలు కక్కుతుంది, రెస్ట్రిక్టా అనే ఇంకో జాతి కక్కదు. ఎస్క్యులిన్ అనే పదార్థం కలిపిన మీడియాన్ని సింపోడియాలిస్ అనే జాతి నల్లగా మార్చేస్తుంది. ఇప్పుడు డీఎన్ఏ చూసి తేల్చే ల్యాబులూ ఉన్నాయి. 1996లో ఏడు జాతులుగా విడదీసే దాకా మనుషుల మీద దొరికినవాటిని చాలావరకు ఫర్‌ఫర్ ఖాతాలోనే వేసేవారు. పాత రిపోర్టుల్లో ఆ పేరు కనిపిస్తే పెద్దగా లెక్కలోకి తీసుకోకండి.

ఇదంతా చదివాక కొబ్బరినూనె సంగతి మీకే అర్థమై ఉంటుంది. ల్యాబులో ఈ ఈస్టును పెంచడానికి మేం నూనె పోస్తాం, మీరు వీపు మీద పోస్తున్నారు. చెన్నై ఉక్కపోత, చెమట ఎలాగూ దానికి తోడు. నూనె ఆపండి. చర్మ వైద్యుణ్ణి చూడండి, సాధారణంగా 2 శాతం కీటోకొనజోల్ షాంపూ లాంటిది పైపూతగా ఇస్తారు. ఈస్టు పోయినా చర్మం రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, మందు పనిచేయలేదని టెన్షన్ పడి దుకాణంలో స్టీరాయిడ్ కలిసిన ట్యూబు కొనకండి. మచ్చ మీద తాకినా గుచ్చినా తెలియకపోతే అది సిబ్బెం కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, కుష్ఠు పరీక్ష చేయాలి.

కుక్కకు క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ చెరో 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు పట్టించి, 10 నిమిషాలు ఉంచి కడగండి. చెవిలో చుక్కలు మాత్రం మీరే వేయొద్దు, కర్ణభేరి బాగుందో లేదో పశువైద్యుడు చూశాకే. ఈ ఈస్టు ఊరికే పెచ్చుమీరదు, వెనకాల అలర్జీ ఉంటుంది చాలాసార్లు. దాన్ని పట్టించుకోకపోతే మళ్లీ వస్తుంది. కుక్కను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆసుపత్రిలో నెలలు నిండని పసికందులకు రక్తనాళం ద్వారా కొవ్వు ద్రవం ఎక్కిస్తున్నప్పుడు కుక్కల మీది ఇదే ఈస్టు రక్తంలో చేరిన సందర్భాలున్నాయి. అక్కడ కూడా కొవ్వే చూడండి.

నాకు భయం దూడ గురించే. మీరు చెప్పిన లక్షణాలు తామరవి. పశువుల్లో దీన్ని ఎక్కువగా తెచ్చేది ట్రైకోఫైటన్ వెరుకోసమ్, ఇది ఈస్టు కాదు, బూజు జాతి. ఇది నిజంగానే మనుషులకు అంటుకుంటుంది. దూడను వేరుగా కట్టండి, గ్లౌజులు లేకుండా తాకొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. దాని బీజాలు గుంజలకూ, తాళ్లకూ అంటుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి, అందుకని ఆ తాడు ఇంకో దూడకు వాడకండి. మందు పూయకముందే చెక్కు అంచున వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, కాస్త చెక్కుతో కలిపి కాగితపు కవరులో వేసి తీసుకురండి. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల తేమ పట్టి వేరే బూజు పెరుగుతుంది.