లెక్కలు వదిలేశాను, పాపులేషన్ ఎకాలజీ చదవగలనా?

ప్రశ్న: బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. పాపులేషన్ ఎకాలజీ, జీవపరిణామం పాఠాలు బాగా నచ్చాయి. పీజీలో అటే వెళ్దామనుకుంటున్నాను. కానీ లెక్కలు వదిలేసి చాలా కాలమైంది. కష్టమవుతుందా సార్?

జవాబు: వెళ్లొచ్చు. అయితే లెక్కలు తప్పించుకుందామంటే మాత్రం కుదరదు. జంతువులు ఎన్ని ఉన్నాయి, పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది తేల్చడమే ఇక్కడ అసలు పని. అడవిలో తిరగడమంతా అందుకే. అలాగని మొదటిరోజే కాలిక్యులస్ అక్కర్లేదు. నిష్పత్తులు, సంభావ్యత గట్టిగా వస్తే చాలు.

ఉదాహరణకి చెరువులో చేపల లెక్క చూడండి. 50 చేపల్ని పట్టి, గుర్తు పెట్టి వదిలారు. కొన్నాళ్లకు మళ్లీ 60 పట్టారు, వాటిలో 12కి గుర్తుంది. 50ని 60తో గుణించి 12తో భాగిస్తే 250, చెరువులో మొత్తం చేపల అంచనా ఇదే. గుణకారం ఎవరికైనా వస్తుంది, ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసేది ఆ తర్వాతి సంగతి. గుర్తులు కొన్ని ఊడిపోతే? రెండోసారి గుర్తున్నవి తక్కువ కనిపించి, అంచనా అసలుకన్నా పెరుగుతుంది. ఒకసారి వలలో పడ్డ చేప బెదిరి మళ్లీ చిక్కకపోయినా అంతే. ఎరకు అలవాటుపడి పదేపదే చిక్కితే అంచనా తగ్గుతుంది. ఈ మధ్యలో పుట్టుక, చావు, వలస ఉంటే సూత్రమే చెల్లదు.

లాజిస్టిక్ వృద్ధి, అంటే ఆవాసం నిండేకొద్దీ నెమ్మదించే పెరుగుదల, దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఆవాసం 1000 జీవుల్ని మోయగలదు, వృద్ధి రేటు ఏడాదికి 0.4 అనుకోండి. ఉన్న సంఖ్యను 0.4తోనూ, ఆవాసంలో ఇంకా ఖాళీగా ఉన్న భాగంతోనూ గుణిస్తే పెరుగుదల వేగం వస్తుంది. సంఖ్య 100 ఉన్నప్పుడూ, 900 ఉన్నప్పుడూ పెరుగుదల వేగం ఏడాదికి 36 చొప్పునే. కానీ తలసరి చూస్తే మొదటిది 0.36, రెండోది 0.04. మొత్తం పెరుగుదల అన్నిటికన్నా వేగంగా ఉండేది సగం దగ్గర, 500 ఉన్నప్పుడు: 100. ఏటా ఎన్ని చేపలు పట్టొచ్చన్న లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ 1000 కూడా రాతిమీద గీత కాదు, మేత తగ్గిన ఏడాది అదీ తగ్గుతుంది.

పరిణామం వైపు వస్తే, మారేది ఒక్కో జీవి కాదు, పాపులేషన్‌లో ఒక్కో జన్యువుకున్న వేర్వేరు రూపాల నిష్పత్తి. పది మగ, తొంభై ఆడ జంతువులున్న మందలో తలలు 100 ఉన్నా, జన్యుపరంగా అది 36 జంతువులతో సమానం: పది, తొంభైల లబ్ధాన్ని నాలుగుతో గుణించి, మొత్తంతో భాగించాలి. పిల్లల జన్యువుల్లో సగం ఆ పది మగవాటి నుంచే రావాలి మరి. అంతరించిపోతున్న జాతుల్ని పెంచే కేంద్రాల్లో మగ జంతువుల సంఖ్యను అంతగా పట్టించుకునేది ఇందుకే.

ఉద్యోగాలు వన్యప్రాణి సంరక్షణలోనే ఉంటాయనుకోకండి. మత్స్య నిల్వల అంచనా, పంట చీడల నియంత్రణ, అంటువ్యాధుల అధ్యయనం, మందులకు లొంగని బ్యాక్టీరియాపై పరిశోధన, అన్నిటికీ ఈ లెక్కలే పునాది. ఈ లెక్కలు చేసేందుకు వాడే ఆర్ (R) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడే మొదలుపెట్టండి.

దరఖాస్తు పెట్టేముందు ఒక పని చేయండి. గిన్నెడు గింజలు తీసుకుని, ఓ గుప్పెడు లెక్కపెట్టి రంగు వేసి, కలిపి, చేపల లెక్కే ఇరవైసార్లు చేయండి. ప్రతిసారీ జవాబు వేరేలా వస్తుంది. ఎందుకలా వస్తోందో తెలుసుకోవాలనిపిస్తే ధైర్యంగా దరఖాస్తు పెట్టండి. విసుగే పుడితే వర్గీకరణ శాస్త్రం వైపు కూడా ఓసారి చూడండి.